రెండో బ్రేకు

బ్రేకు మాస్టారు బతికున్నన్నాళ్ళూ ఆ ఊళ్ళో ఒక్క పిల్లి కూడా కారు కింద పడి చావలేదని చెప్పుకునేవారు. అందులో సగం అబద్ధమే. మిగతా సగం చాలు ఆయన గొప్పతనానికి. ముప్పై ఏళ్ళు డ్రైవింగు స్కూలు నడిపాడు. స్కూలంటే బల్లలూ గంటలూ ఏమీ లేవు. ఒకే ఒక్క కారు, దానికి రెండు బ్రేకులు. ఒకటి నేర్చుకునేవాడి కాలి కింద, రెండోది పక్క సీట్లో కూర్చున్న మాస్టారి కాలి కింద. నేర్చుకునేవాడు ఎటో చూస్తూ గోడ మీదికి పోతుంటే మాస్టారు అరిచేవాడు కాదు, తిట్టేవాడు కాదు. కుడికాలు ఇంత చాపేవాడు. కారు మేకు కొట్టినట్టు అక్కడికక్కడే ఆగేది. అప్పుడు తాపీగా, "ఊ, ఇప్పుడు చెప్పు, ఏం చూశావు?" అనేవాడు.

"చూడలేదండి" అనేవాడు శిష్యుడు.

"అదే మరి" అనేవాడు మాస్టారు. పాఠమంతా అంతే.

ఆ కాలి అలవాటు ఎంత ముదిరిపోయిందంటే, బస్సెక్కితే ముందు సీటుని తన్నేవాడు. సినిమాలో కారు లోయలోకి పోతుంటే ముందు వరసలో పెద్దమనిషి వీపు మీద ఒక్క తాపు పడేది. పొయ్యి మీద పాలు పొంగబోతున్నా చెయ్యి చాచేవాడు కాదు, కాలే చాపేవాడు. చిత్రమేమిటంటే ఒకటి రెండుసార్లు ఆ పాలు ఆగాయి కూడా.

పోయినేడాది నిద్రలోనే పోయాడు. తెల్లారి చూస్తే కుడికాలు మంచం చివరి చెక్కకి గట్టిగా తన్నిపెట్టి ఉంది. చెక్క నిలువునా బీట ఇచ్చింది. ఎదురుగా ఏం వస్తున్నట్టు కనిపించిందో ఏమో. నలుగురు మగాళ్ళు పట్టినా ఆ కాలు మడత పడలేదు. చివరికి భార్య వచ్చి చెవి దగ్గర వంగి, "దారి ఖాళీగానే ఉంది, వదలండి" అంది. అప్పుడు వదిలింది.

ఆ భార్య పేరు కవర్లమ్మ. అమ్మానాన్నా పెట్టిన పేరు వేరే ఉంది గానీ అది ఓటరు కార్డు దాటి బయటికి రాలేదు. ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని కార్లకి సీటు కవర్లు కుట్టేది. సీట్లో పడిన గుంట చూసి ఆ మనిషి బరువెంత, పర్సు ఏ జేబులో పెడతాడు, ఇంట్లో పెళ్ళాం మాట వింటాడా వినడా కూడా చెప్పేసేది. కారు నడపడంలో మాస్టారి మొదటి శిష్యురాలు ఆవిడే. పొద్దుటి ఆడవాళ్ళ బ్యాచికి పదిహేనేళ్ళు తనే నేర్పింది. మాస్టారు పోయాక స్కూలు మూతపడింది. కారు రేకుల షెడ్డు కింద నిలబడిపోయింది.

దాన్ని అమ్మాల్సిన పని ఇప్పుడు పడింది. బస్సుల యజమాని ఒకాయన నలభై సీట్లకి కవర్లు కుట్టమన్నాడు. మందపాటి రెక్సిన్. కవర్లమ్మ మిషను గుడ్డ ముందు పులి, రెక్సిన్ ముందు పిల్లి. పెద్ద మిషను కొనాలి. నెల తిరిగేలోపు పని మొదలుపెట్టకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు ఆయన. ఆ పని పోతే ముందుగదికి అద్దె లేదు, ముందుగది లేకపోతే కవర్లమ్మే లేదు. పెద్ద మిషను రావాలంటే కారు పోవాలి. పోవాలంటే సరైన చేతుల్లోకి పోవాలి.

ఆ ఇంట్లో ఆవిడతోపాటు ఆడపడుచు ఉండేది. మాస్టారి చెల్లెలు. ఆసుపత్రిలో రోగులకి చీటీలు రాసే ఉద్యోగం. తన నీడని కూడా, "నువ్వెవరు, కార్డు చూపించు" అని అడిగే రకం.

"కొనడానికి వచ్చేవాడు మన ఇంటికి రాకూడదు వదినా" అంది ఆడపడుచు.

"రాకపోతే కారెలా చూస్తాడు? కలలోనా?"

"పెట్రోలు బంకు దగ్గర. పట్టపగలు. అక్కడ నలుగురూ ఉంటారు, కెమెరా ఉంటుంది. ఇవాళ ఇల్లు చూపిస్తే రేపు గిన్నెలు కూడా బేరానికొస్తాయి."

"సరే."

"లైసెన్సు చూడకుండా స్టీరింగు ముట్టుకోనివ్వకు. ఫొటో తీసి నాకు పంపు. నడిపి చూస్తానంటే పక్కన నువ్వు కూర్చో, నేను బంకులో కాపలా ఉంటా. డబ్బు పడిందని వాడి ఫోనులో చూపిస్తే నమ్మకు. నేను మహారాణినని నేను కూడా మెసేజి కొట్టగలను. మన బ్యాంకుకి మనం పోయి చూసుకున్నాకే సంతకం."

"ఇన్ని చెప్తే వచ్చినవాడు పారిపోతాడమ్మాయ్."

"పారిపోయేవాడు పారిపోవాలనేగా ఇన్ని చెప్పేది. ఇంకోటి. తాళం నీ చేతిలో ఉండాలి, లేదా నువ్వు కారులో ఉండాలి. రెండిట్లో ఒకటి. రాసుకో."

కవరు కొలతలు గీసే అట్టముక్క మీద కవర్లమ్మ సుద్దతో అన్నీ రాసుకుని మిషనుకి ఎదురుగా గోడకి తగిలించింది. రెండు రోజుల్లో కంఠతా వచ్చేశాయి.

అమ్మకానికి పెట్టే ముందు మెకానిక్కుని పిలిచారు. ఆయన కారు చుట్టూ తిరిగి, పక్క సీటు కిందికి తల పెట్టి, "రెండు బ్రేకుల కారు ఎవడు కొంటాడమ్మా? ఒక ఒరలో రెండు కత్తులు. ఇది పీకేస్తేనే బేరం" అన్నాడు. మధ్యాహ్నానికల్లా రెండో బ్రేకు పెడలూ దాని ఊచా పీకేసి, నేలలో పడ్డ బొక్కకి రబ్బరు బిరడా కొట్టాడు. పెడలు పాత ఇనుములో పడేయబోతుంటే కవర్లమ్మ చెయ్యి చాచింది.

"ఇటివ్వు."

అరచెయ్యంత ముక్క. పైన రబ్బరు ఒక మూల మాత్రమే అరిగిపోయి ఉంది, మాస్టారి జోడు మొన ఆనే చోట. కుడికాలు మోటారు మీట తొక్కుతుంటే, ఎడమకాలు పెట్టుకోవడానికి మిషను కింద ఆవిడకి ఎప్పుడూ ఒక ఇటుక ఉండేది. ఇటుక తీసేసి పెడలు పెట్టుకుంది. ఎత్తు సరిగ్గా సరిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం అన్నం తిని కుట్టడానికి కూర్చుంది. ఎండ కునుకు. మిషను గడగడా పోతూనే ఉంది, తల ముందుకి వాలుతోంది, చూపుడువేలు గుడ్డతోపాటు జారి జారి సూది కిందికి పోతోంది. టక్కున మిషను ఆగింది. సూది మొన గోరు మీద ఆగింది. గోరుని తాకింది, లోపలికి దిగలేదు.

కరెంటు పోయిందనుకుంది. తలెత్తి చూస్తే పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది.

కవర్లమ్మ మెల్లగా కిందికి చూసింది. ఎడమకాలు ఎప్పుడో పక్కకి తీసేసుకుంది. పెడలు మీద ఎవరి కాలూ లేదు. ఇనుము మాత్రం నేలలోకి అరంగుళం దిగినట్టు గచ్చు మీద నొక్కుడు పడి ఉంది.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతి దాని తర్వాత వచ్చింది. కారు చూపించాలి కదా అని పక్క సీటుకి కొత్త స్పాంజి వేసి, ఇంట్లో మిగిలిన మంచి గుడ్డతో కొత్త కవరు కుట్టి, బల్లపరుపుగా బిగించింది. తాళం వేసింది. పొద్దున్నే తీసి చూస్తే సీట్లో గుంట. కుడివైపు కాస్త లోతు. ముప్పై ఏళ్ళు చూసిన గుంట. కింద నిన్న దులిపిన పట్టా మీద మడమ ముద్ర.

ఆడపడుచుని పిలిచి చూపించింది.

"పిల్లి పడుకుని ఉంటుంది" అంది ఆడపడుచు, దూరం నుంచే.

"అద్దాలెత్తి తాళమేసిన కారులోకి పిల్లి ఎలా దూరుతుంది?"

"మరి అన్నయ్యకి మాత్రం తాళం ఎవరిచ్చారు?" అని నవ్వబోయింది. ఆ నవ్వు సగంలో ఎండిపోయింది. "వదినా, తొందరగా అమ్మేద్దాం" అంది.

మొదట వచ్చినవాడు కోళ్ళఫారం ఆయన. బొద్దుగా, నిజాయితీగా, చొక్కా మీద ఈకతో వచ్చాడు. లైసెన్సు అడిగితే, "కోళ్ళు కూడా నన్నింత అనుమానించవమ్మా" అంటూనే ఇచ్చాడు. కవర్లమ్మ పక్క సీటు అంచు మీద కూర్చుంది, మొత్తం కూర్చోబుద్ధి కాలేదు. ఆయన హుషారుగా కబుర్లు చెప్తూ సందు మొగ దాకా వచ్చాడు. కారు ఆగిపోయింది. ఆయన నుదురు స్టీరింగుకి తగిలింది.

"నేను బ్రేకు తొక్కలేదే" అన్నాడు.

అనేలోపు సందులోంచి సైకిలు ఒకటి బాణంలా దూసుకొచ్చి ముందు నుంచి పోయింది. కవర్లమ్మ చూసింది. ఆయన నుదురు రుద్దుకుంటూ చూడలేదు. మళ్ళీ బయల్దేరారు. ఫోను మోగింది. ఆయన ఒక చేత్తో ఫోను తీశాడు. కారు ఆగింది. ఫోను వెళ్ళి ముందు అద్దానికి కొట్టుకుంది. మూడోసారి ఆయన బయల్దేరలేదు. దిగిపోయాడు.

"బ్రేకులు పట్టేస్తున్నాయమ్మా. లేకపోతే ఈ కారుకి నా కంటే ఎక్కువ తెలుసు. రెండూ కష్టమే. నాకు ఇంటి దగ్గర రెండువేల కోళ్ళున్నాయి, ఇంక చాలు" అని దండం పెట్టి పోయాడు.

మెకానిక్కు మొత్తం విప్పి చూశాడు. లోపం ఇసుమంత కూడా లేదన్నాడు.

"అన్నయ్య అమ్మనివ్వడు వదినా" అంది ఆడపడుచు.

కవర్లమ్మకి ఒళ్ళు మండింది. షెడ్డుకి పోయి, కారు ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "ఏమండీ, నెల తిరిగేలోపు మిషను రాకపోతే నన్ను డిక్కీలో పెట్టుకుని పోషిస్తారా?" అంది. తాళం ఆవిడ గుప్పిట్లోనే ఉంది. ముందు అద్దం మీద వైపరు ఒకే ఒక్కసారి అటు పోయి ఇటు వచ్చింది. కాదని తలాడించినట్టుందా, కళ్ళు తుడుచుకున్నట్టుందా, ఆవిడకి తేలలేదు. మళ్ళీ కదులుతుందేమోనని గంటసేపు నిలబడింది. కదల్లేదు.

వారానికి ఇంకొకడు వచ్చాడు. తెల్లచొక్కా, నున్నగా దువ్విన తల, గొంతులో తేనె. ఆడపడుచు చెప్పిన నియమాలకే పుట్టిన బిడ్డలా ఉన్నాడు. అడక్కముందే లైసెన్సు తీసి ఇచ్చాడు. బంకు దగ్గరే కలుద్దామని తనే అన్నాడు. బ్యాంకుకి కలిసి పోదామన్నాడు.

"ఈ రోజుల్లో ఎవర్నీ నమ్మకూడదక్కా. నన్ను కూడా" అన్నాడు.

ఆడపడుచు జన్మలో మొదటిసారి ఒక కొత్త మనిషిని చూసి మెత్తబడింది. తన సీసాలో మంచినీళ్ళిచ్చింది. లైసెన్సు ఫొటో ఫోనులో దాచుకుని, గాలి కొట్టే మిషను పక్కన నీడలో కుర్చీ వేయించుకుని కూర్చుంది.

"మొదట మీరు నడపండక్కా, నేను ఇంజను చప్పుడు వింటా" అన్నాడు తెల్లచొక్కా. పక్క సీట్లో కూర్చున్నాడు. కాస్త దూరం పోయాక అటూ ఇటూ కదిలాడు.

"ఏమైంది బాబూ?"

"ఏం లేదక్కా. ఈ సీటు ఎలాగో ఉంది. ఎవరి ఒళ్ళోనో కూర్చున్నట్టుంది." నవ్వాడు. కవర్లమ్మ నవ్వలేదు.

గోదాముల వెనక ఒక రోడ్డుంది. తిన్నగా, ఖాళీగా ఉంటుంది. పదిహేనేళ్ళు ఆడవాళ్ళ బ్యాచికి ఆవిడ నేర్పింది అక్కడే. ఆ రోడ్డు మీద వాళ్ళ స్కూలుకి ఒక పద్ధతి ఉండేది. సీట్లు మారేటప్పుడు ఇంజను ఆపేవాళ్ళు కాదు. ఆ కారు ఒకప్పుడు ఆపితే మళ్ళీ లేవడానికి ముహూర్తం చూసుకునేది. అందుకని నేర్పేవాళ్ళు దిగి, కారు ముందు నుంచి నడిచి, నడుస్తూ నడుస్తూ రెండు ముందు టైర్లూ చూసుకుని అటు ఎక్కాలి. నేర్చుకునేవాళ్ళు లోపల్నుంచే గేరు కడ్డీ దాటుకుని స్టీరింగు ముందుకి జరగాలి. కారుకి కొత్త బ్యాటరీ వచ్చి ఎన్నేళ్ళో అయింది గానీ పద్ధతి మారలేదు. వేలసార్లు చేసిన పని.

"ఇంక నేను నడపనా అక్కా?" అన్నాడు తెల్లచొక్కా.

అట్టముక్క మీది అక్షరాలన్నీ కవర్లమ్మకి కంఠతా వచ్చు. కాళ్ళకి చదువు రాదు, వాటికి వచ్చింది అలవాటొక్కటే. గేరు తీసింది, చేతిబ్రేకు లాగింది, తలుపు తీసుకుని దిగింది. తాళం స్టీరింగు పక్కన ఊగుతోంది. ఇంజను కూనిరాగం తీస్తోంది. ఆవిడ కారు ముందుకి వచ్చి మొదటి టైరు చూసుకుంది.

టప్పుమని నాలుగు తలుపులకీ గడి పడింది.

కవర్లమ్మ తలెత్తింది. అద్దంలోంచి తెల్లచొక్కా స్టీరింగు వెనక కనిపించాడు. కళ్ళు కలిశాయి. ఆ కళ్ళలో అక్కా లేదు, తమ్ముడూ లేడు. ఎదురుగా ఉన్నది మనిషి కాదు, దారికడ్డం పడిన రాయి అన్నట్టు చూస్తున్నాడు. చేతిబ్రేకు దించడం కూడా కనిపించింది.

పక్కకి దూకాలి. దూకాలని తల చెప్తోంది. కాళ్ళు వినలేదు. అప్పుడు ఆ కాళ్ళు చేసిన పని ఒక్కటే. కుడికాలు ముందుకి చాచి నేలని గట్టిగా తన్నింది.

కారు గజం దూరం ఎగిరి దూకింది. ముందు బంపరు ఆవిడ రెండు మోకాళ్ళనీ తాకింది. తాకి, ఆగింది.

ఇంజను గొంతు చించుకుని అరుస్తోంది. పొగ లేస్తోంది. చక్రాలు మాత్రం తిరగడం లేదు. తెల్లచొక్కా తొక్కుతున్నాడు, తొక్కుతున్నాడు. కారు మోకాళ్ళ ముందు కట్టేసిన ఎద్దులా వణుకుతూ నిలబడి ఉంది.

కవర్లమ్మ చూపు పక్క సీటు మీద పడింది. సీటు ఖాళీ. అయినా దాని వీపు వెనక్కి వంగింది, కాలు చాపి బలంగా తన్నినప్పుడు వంగినట్టు. కవరు కుట్టు కుడివైపు బిగిసి, దారం ఒక్కొక్క పోగూ లాగింది. ఆ కవరు కుట్టింది ఆవిడే. ఎంత బరువుకి ఏ కుట్టు ఎలా లాగుతుందో ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అది డెబ్భై రెండు కిలోల లాగుడు. అన్నం తిన్నాక డెబ్భై మూడు.

తెల్లచొక్కా తల మెల్లగా అటు తిరిగింది. ఏం కనిపించిందో వాడికే తెలియాలి. మొహంలో రక్తం చివరి బొట్టు దాకా దిగిపోయింది. ఎవరో ఏదో అడిగినట్టు, బళ్ళో పిల్లాడు జవాబు చెప్పినట్టు వాడి పెదాలు కదిలాయి. మూసిన అద్దంలోంచి మాట వినపడలేదు. ముప్పై ఏళ్ళు ఆ జవాబే విన్న కవర్లమ్మకి వినపడక్కర్లేదు.

చూడలేదండి.

మరుక్షణం గడి తీసుకుని దూకేశాడు. ఒక కాలి జోడు అక్కడే వదిలేసి గోదాముల మధ్య పడి పరిగెత్తాడు. వాడు సముద్రం అడ్డమొచ్చాకే ఆగాడని తర్వాత ఊళ్ళో అన్నారు.

ఇంజను దానంతటదే ఆగింది. రోడ్డు మీద ఇంక ఏ చప్పుడూ లేదు. కవర్లమ్మ బంపరు పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత పోయి పక్క తలుపు తీసింది. నేల బొక్కకి కొట్టిన రబ్బరు బిరడా ఊడి పట్టా మీద పడి ఉంది. దాని పక్కన మడమ ముద్ర, ఈసారి లోతుగా. స్టీరింగు ముందు కూర్చుని ఇంజను వేసింది. గేరు వేసింది. కారు కదల్లేదు. చక్రాలు ఇంకా బిగుసుకునే ఉన్నాయి.

ఆవిడ పక్క సీటు వైపు వంగింది.

"దారి ఖాళీగానే ఉంది, వదలండి."

ఎక్కడో కింద ఉస్సుమని చప్పుడైంది, చాలాసేపు బిగబట్టిన ఊపిరి వదిలినట్టు. సీట్లో గుంట మెల్లగా పైకి లేచింది. కారు కదిలింది.

బంకు దగ్గర ఆడపడుచు ఎదురొచ్చింది.

"వాడేడీ?"

"దిగిపోయాడు."

"బేరం కుదరలేదా?"

"మీ అన్నయ్యకి నచ్చలేదు."

జరిగింది చెప్పింది. ఆడపడుచు ముందు, "తాళం దాంట్లోనే వదిలేశావా? అసలు బుద్ధుందా వదినా?" అని మొదలుపెట్టింది. తర్వాత వదిన మోకాళ్ళ మీద బంపరు దుమ్ము రెండు గీతలుగా అంటుకుని ఉండటం చూసింది. వంగి తన చేత్తోనే దులిపింది. పోలీసులకి లైసెన్సు ఫొటో చూపిస్తే, అది ఎవరో పెద్దాయనదనీ, పైన మొహం మాత్రం అతికించిందనీ తేలింది.

ఇంటికొచ్చాక కవర్లమ్మ మిషను ముందు కూలబడింది. ఎడమకాలు పెడలు మీద పెట్టి చటుక్కున తీసేసింది. చల్లటి గచ్చు మీద, నీడలో, పొద్దుట్నుంచీ ఎవరూ ముట్టుకోని ఇనుము కాలుతోంది.

"ఇంక అమ్మొద్దు వదినా" అంది ఆడపడుచు, మాట తగ్గించి. "ఉంచుకుందాం. అన్నయ్య కనిపెట్టుకుని ఉన్నాడు కదా."

"ఉంచుకుని? నేను గోడ మీదికి పోయినప్పుడల్లా ఆయన కాలు చాపుతూ ఉండాలా? ముప్పై ఏళ్ళు చాపాడు. పోయేటప్పుడు కూడా చాపే ఉంది."

"మరి అమ్మనివ్వడం లేదుగా."

కవర్లమ్మ పెడలు వైపు చూస్తూ కూర్చుంది. "సైకిలు వచ్చినప్పుడు ఆపాడు. ఫోను తీసినప్పుడు ఆపాడు. నాకోసం ఆపాడు. ఊరికే ఒక్కసారైనా ఆపాడా చెప్పు. ఆయన అమ్మొద్దనడం లేదమ్మాయ్. తన పని తను చేసుకుంటున్నాడు. మనమే ఆయన కాలి కింది బ్రేకు పీకి, మామూలు కారని అబద్ధం చెప్పి అమ్మబోయాం."

మర్నాడే మెకానిక్కు తిట్టుకుంటూ పెడలు మళ్ళీ బిగించాడు. మిషను కిందికి పాత ఇటుక వచ్చింది. రెండు బ్రేకుల కారు అమ్మబడును అని ప్రకటన ఇచ్చారు. నెల తిరగడానికి నాలుగు రోజులుందనగా ఒక్కటంటే ఒక్క ఫోను వచ్చింది. చేసింది మూడుసార్ల పిల్ల. పొద్దుటి బ్యాచిలో నేర్చుకుని, పరీక్షలో మూడుసార్లు తప్పి, నాలుగోసారి నెగ్గిన మనిషి. ఇప్పుడు తనే ఆడవాళ్ళకి డ్రైవింగు నేర్పుదామనుకుంటోంది.

బంకు దగ్గర కలిశారు. పట్టపగలు.

"లైసెన్సు" అంది కవర్లమ్మ.

"అక్కయ్యా, మీరే కదా ఇప్పించింది."

"అయినా."

మూడుసార్ల పిల్ల లైసెన్సు తీసి ఇచ్చింది. ఆడపడుచు ఫొటోని ఎండకేసి పట్టుకుని గోటితో గీకి మరీ చూసింది. నడిపి చూసేటప్పుడు, సీట్లు మారేచోట కవర్లమ్మ ఇంజను ఆపింది. తాళం తీసి గుప్పిట్లో బిగించింది. అప్పుడు దిగి, కారు ముందు నుంచి కాకుండా వెనక నుంచి చుట్టి వచ్చింది. కాళ్ళు మొరాయించాయి. ఈడ్చుకొచ్చింది. కారు గోదాముల రోడ్డంతా తిరిగినా ఎక్కడా ఆగలేదు. ఆ పిల్ల ప్రతి మలుపులో మూడుసార్లు చూసే రకం.

బ్యాంకుకి పోయి చూసుకున్నారు. సంతకం పెట్టే ముందు కవర్లమ్మ కలం పక్కన పెట్టేసింది.

"ఏమ్మా, ఒక్క సంగతి చెప్పకుండా అమ్మితే పాపం. ఆ పక్క సీటు..."

"తెలుసక్కయ్యా" అంది మూడుసార్ల పిల్ల. "బంకు దగ్గర మీకంటే ముందే వచ్చాను. మీ కారు అద్దంలోంచి చూశాను. మీరు కారు నిలిపి దిగారు. పక్కన ఎవరూ లేరు. సీటు బెల్టు మాత్రం పెట్టి ఉంది. మీరు పెట్టారా?"

"లేదు."

"సరే అయితే. పెట్టండి సంతకం. ఒక్కదాన్నే నేర్పడానికి నాకు భయంగానే ఉంది."

కారు వెళ్ళిపోతుంటే వదినా ఆడపడుచూ బ్యాంకు మెట్ల మీద నిలబడి చూశారు. వీధి మలుపులో దాని వెనక ఎర్రదీపాలు వెలిగాయి. బూడిదరంగు పిల్లి ఒకటి తీరుబడిగా రోడ్డు దాటింది. దీపాలు ఆరాయి. ఎవరి కాలు తొక్కిందో వెనక నుంచి తెలియలేదు. ఆడపడుచు ముక్కు తుడుచుకుంది. కవర్లమ్మ చెయ్యి ఎత్తబోయి దించేసింది.

పెద్ద మిషను మర్నాడే వచ్చింది. మోటారు ఏనుగులా ఘీంకరించేది. మొదటి సీటు, రెండో సీటు, పదో సీటు. పన్నెండో సీటు కుడుతుండగా మధ్యాహ్నమైంది. అన్నం తిన్న కడుపు, ఎండ, కునుకు. రెక్సిన్ ముందుకి పోతోంది, దాంతోపాటు చూపుడువేలు జారుతోంది. కవర్లమ్మ చూస్తూనే ఉంది. సగం నిద్రలో, సగం ఆశలో, వేలు తీసుకోకుండా ఎదురుచూసింది.

సూది దిగింది.

"ఏమైంది వదినా?" లోపల్నుంచి ఆడపడుచు.

"ఏం లేదు. సూది."

వేలు నోట్లో పెట్టుకుని పైకి చూసింది. ఫ్యాను తిరుగుతోంది. మిషను కూడా తిరుగుతూనే ఉంది, ఏదీ పట్టనట్టు, దారం మింగుతూ. కాసేపు ఆ చప్పుడు వింటూ కూర్చుంది. తర్వాత మీట మీంచి తన కాలు తనే తీసింది.